ఆపరేషన్ తరువాతి ఫిజియోథెరపీకీ పథకం వర్తించాలి

సంపాదకులు గారికి,

పక్షవాతం వచ్చినవారికి, తుంటి ఎముక విరిగినవారికి, కొబ్బరి చెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న దింపు కార్మికులకు ఆసుపత్రి ఖర్చు భరిస్తున్న ప్రభుత్వ ఆరోగ్య పథకాలు, వారిని తిరిగి నడిపించే ఫిజియోథెరపీ దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తున్నాయి. ఆయుష్మాన్ భారత్ 2018 నుంచి కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు వైద్యం అందిస్తోంది. అయితే డిశ్చార్జి తరువాత అందులో లెక్కకు వచ్చేవి 15 రోజులే. ఆ ఖర్చు కూడా చికిత్సకు ఇంత అని ఆసుపత్రికి మొత్తంగా ఇచ్చే ప్యాకేజీలోనే కలిసిపోతుంది. ఔట్ పేషెంటు వైద్యానికి అందులో చోటు లేదు. పక్షవాత రోగి ఎక్కువగా కోలుకునేది మొదటి మూడు నెలల్లో. అప్పుడు వ్యాయామం ఆగిపోతే చెయ్యి బిగుసుకుపోతుంది, భుజం నొప్పి మొదలవుతుంది, మంచానికే పరిమితమైనవారికి పుండ్లు పడతాయి.

కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఆపరేషన్ చేయించుకుని గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామానికి చేరిన మనిషిని రోజూ అమలాపురం తీసుకురావాలంటే రేవు దాకా మోయాలి, పడవ దాటించాలి, ఆటో మాట్లాడాలి, తోడు వచ్చినవారు ఆ రోజు కూలి వదులుకోవాలి. ఫిజియోథెరపిస్టులమైన మాకిచ్చే ఫీజు కంటే ఈ ఖర్చే ఎక్కువ. కొద్ది రోజులు వచ్చి మానేసినవారిని నేను తప్పుపట్టలేను. ఇక వరద రోజుల్లో రావడమే కుదరదు.

కండరాలకు యంత్రంతో కరెంటు పెడితేనే వైద్యం జరిగినట్టు చాలామంది భావిస్తారు. రోగిని మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మార్చాలో ఇంట్లోవారికి ఓపికగా నేర్పిన ముప్పావు గంటకు మాత్రం విలువ కట్టరు. నిజానికి ఎక్కువ మేలు చేసేది అదే. రోగిని మా దగ్గరకు పంపినందుకు మా ఫీజులో వాటా అడిగే అలవాటు కూడా కొన్నిచోట్ల ఉంది. ఆ వాటా చివరికి రోగి మీదే పడుతుంది. మా వృత్తిలోని వారందరం దీన్ని గట్టిగా ఎదిరించాలి.

ఫిజియోథెరపీతో సహా అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్‌ను ఏర్పరుస్తూ 2021లో పార్లమెంటు చేసిన చట్టం రాష్ట్ర కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఉండాలని నిర్దేశించింది. దాన్ని అమలు చేయాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పక్కా రిజిస్టరు ఉంటే, అరకొర శిక్షణతో బోర్డు పెట్టినవారెవరో, ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) చదివినవారెవరో ప్రజలకు తెలుస్తుంది. ఎవరికి డబ్బు చెల్లించాలన్న ప్రశ్న ప్రభుత్వానికీ ఉండదు.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం ఫిజియోథెరపీని ఆసుపత్రి ప్యాకేజీ నుంచి విడదీసి, పక్షవాతం, వెన్నుపూస, తుంటి ఎముక కేసులకు కనీసం మూడు నెలల పాటు సిట్టింగుకు ఇంత అని నిర్ణయించి చెల్లించాలని కోరుతున్నాను. లంక గ్రామాల్లో రోగి ఇంటికి వెళ్లి చేసే సిట్టింగుకు ప్రయాణ ఖర్చును కూడా కలపాలి. రాజోలు, ముమ్మిడివరం వంటి చోట్ల సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో శాశ్వత ఫిజియోథెరపిస్టు ఉంటే, నదికి అటువైపు ఉన్నవారిలో చాలామందికి అమలాపురం దాకా రావలసిన పని ఉండదు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
అమలాపురం