నువ్వు చూసింది కేటగిరీ 4 కాదు రా

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావ్ రా, కరెంటు వచ్చిందా, ఆ పడిపోయిన ఫెన్సు సంగతేంటి? మొన్న ఫోన్‌లో నువ్వో మాటన్నావ్ చూడు, "కేటగిరీ 4 అని ఊదరగొట్టారు, తీరా చూస్తే మా ఎయిర్‌పోర్టులో 68 మైళ్ల గాలే కొట్టింది, అంతా ఉత్త హడావిడి, ఈసారి వస్తే నేను ఇల్లు కదిలేది లేదు" అని. నేను నోరు తెరిచేలోపు నీ సిగ్నల్ పోయింది, బతికిపోయావ్. అప్పట్నుంచి ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది, అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ నంబర్ అంటే ఏంటో చెప్తా. కేటగిరీ అంటే హరికేన్‌కి, అదే అమెరికా వైపు వచ్చే పెద్ద తుఫానుకి, గాలిని బట్టి 1 నుంచి 5 దాకా ఇచ్చే మెట్టు. "తీరం దాటేటప్పుడు గాలి గంటకు 140 మైళ్లు" అని నేషనల్ హరికేన్ సెంటర్ (అమెరికాలో హరికేన్ హెచ్చరికలు ఇచ్చే ఆఫీసు) వాళ్లు చెప్పారంటే మీ ఊళ్లో 140 అని కాదు. తుఫాను మొత్తంలో, ఎక్కడో ఒకచోట, 10 మీటర్ల ఎత్తున, అడ్డూ ఆపూ లేని చోట, ఒక నిమిషం సగటు తీస్తే వచ్చే అత్యధిక గాలి అని. ఆ "ఎక్కడో ఒకచోట" అన్నదే అసలు కిటుకు. అది మామూలుగా కన్ను (తుఫాను నడిమధ్యన గాలి తగ్గిన చోటు) చుట్టూ గోడలా ఉండే ఐవాల్‌లో ఉంటుంది, అదీ ఎక్కువగా తుఫాను కదిలే దిక్కుకి కుడిపక్క, ఎందుకంటే అటు గాలి తిరిగే వేగానికి తుఫాను నడిచే వేగం కూడా తోడవుతుంది. కొన్నిసార్లు ఆ గట్టి గాలి ఉన్న పట్టీ నాలుగైదు మైళ్ల వెడల్పు కూడా ఉండదు. నువ్వున్నది కంటికి 50 మైళ్ల దూరంలో, పైగా ఎడమపక్క. హరికేన్ అనిపించుకునే గీత 74, నీ 68 దాన్ని కూడా తాకలేదు. నువ్వు చూసింది కేటగిరీ 4 కాదు రా బాబూ, కేటగిరీ 4 తుఫాను అంచు.

ఎయిర్‌పోర్టు మెషిన్ అబద్ధం చెప్పిందని కూడా అనను, దాని లెక్క వేరు. అక్కడి ఆటోమేటిక్ స్టేషన్లు 2 నిమిషాల సగటు తీస్తాయి, సెంటర్ వాళ్లది 1 నిమిషం, చాలా దేశాల్లో అయితే 10 నిమిషాలు. సగటు తీసే టైం పెరిగేకొద్దీ నంబర్ తగ్గుతుంది. దానికి తోడు నేల మీదికి రాగానే చెట్లూ ఇళ్లూ అడ్డుపడి సగటు గాలి దబ్బున పడిపోతుంది, కానీ గస్టులు, అంటే క్షణాల పాటు వచ్చే విసుర్లు, అంతగా పడవు, పైనున్న గాలి విసుర్లు విసుర్లుగా కిందికి దూకుతూనే ఉంటుంది. నీ ఫెన్సుని పడగొట్టింది ఆ 68 కాకపోవచ్చు, దాని మధ్యలో రెండు మూడు సెకన్లు వచ్చిన ఏ 90 మైళ్ల విసురో అయ్యుంటుంది. ఇంకో తమాషా ఏంటంటే గాలి నిజంగా గట్టిగా కొట్టే చోట మెషినే ఉండదు, ఉన్నా కరెంటు పోయి ఆగిపోతుంది, లేదా ఎగిరొచ్చిన రేకు తగిలి విరిగిపోతుంది. అందుకే తుఫాను వచ్చే ముందే టెక్సాస్ టెక్ యూనివర్సిటీ వాళ్లు స్టిక్‌నెట్ అని కాళ్లున్న చిన్న చిన్న స్టేషన్లు ఒడ్డు పొడుగునా పాతి వెళ్లిపోతారు, ఏదో ఒకటైనా ఐవాల్ కింద పడకపోతుందా అని. వల వేసి చేప కోసం చూసినట్టే.

మరి 140 అని ఎలా తేలుస్తారు అంటావా, నాకు మజా అంతా ఇక్కడే (మా ఆవిడకి కాదు, రాత్రి రెండింటి దాకా ఆ విమానం గీతలేంటి అని తిడుతుంది). మిసిసిపీలో బిలాక్సీ పక్కన కీస్లర్ ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉంది, అక్కడి 53వ స్క్వాడ్రన్ వాళ్లు సీ-130 విమానాల్ని తుఫాను మధ్యలోంచి అటూ ఇటూ దూసుకుపోనిస్తారు, మామూలుగా ఓ 10,000 అడుగుల ఎత్తున. అక్కడ కొలిచిన గాలిలో ఐవాల్ దగ్గరైతే 90 శాతం కింద ఉంటుందని లెక్కేస్తారు. దాంతోపాటు డ్రాప్‌సోండ్ అని పారాచూట్ కట్టిన గొట్టాన్ని వదుల్తారు, అది పడుతూ పడుతూ గాలి, పీడనం, తేమ అన్నీ రేడియోలో పంపి సముద్రంలో కలిసిపోతుంది. కానీ అది ఒక్క చోట, ఒక్క క్షణం చూసిన గాలి, ఫొటో తీసినట్టు, అందుకే కింది 150 మీటర్ల సగటు తీసి దాన్నుంచి నేల గాలి అంచనా కడతారు. ఇంకో పరికరం విమానం రెక్క కింద ఉంటుంది, సముద్రం మీద నురగ ఎంత ఉందో అది వదిలే మైక్రోవేవ్‌ని బట్టి పసిగట్టి గాలి చెప్తుంది. భలే ఐడియా, కాకపోతే ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో అలలు ఊరికే విరిగి నురగ ఎక్కువ అయిపోతుంది, నేల మీదైతే అసలు పనే చెయ్యదు. అంటే సరిగ్గా మనకి కావలసిన చోటే చేతులెత్తేస్తుంది! ఒడ్డున డాప్లర్ రాడార్ ఉంటుంది కానీ అది తన వైపు వచ్చే గాలినీ, తననుంచి పోయే గాలినీ మాత్రమే చూడగలదు, దూరం పెరిగేకొద్దీ దాని కిరణం పైపైకి పోతుంది. ఇన్ని సగం సగం సాక్ష్యాలు ముందు పెట్టుకుని ఓ మనిషి కూర్చుని నంబర్ రాస్తాడు. అదీ 5 నాట్ల (దాదాపు 6 మైళ్ల) మెట్లలో, ఎందుకంటే అంతకన్నా సన్నంగా చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

అందుకే తర్వాత తీరిగ్గా లెక్కలు చూసి నంబర్ మారుస్తుంటారు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ అనే హరికేన్ సౌత్ ఫ్లోరిడాలో తీరం దాటినప్పుడు హరికేన్ సెంటర్ అప్పట్లో కోరల్ గేబుల్స్‌లో ఉండేది, వాళ్ల బిల్డింగ్ మీదున్న రాడారే ఎగిరిపోయింది, ఇంక కొలిచేదెవరు? అప్పట్లో 145 మైళ్లు, కేటగిరీ 4 అని తేల్చారు. తర్వాతి ఏళ్లల్లో డ్రాప్‌సోండ్లు బోలెడు పడ్డాక తెలిసిందేంటంటే ఐవాల్‌లో పైన గాలిలో కిందికి దిగేది వాళ్లు అప్పుడు అనుకున్నదానికంటే ఎక్కువని, దాంతో పదేళ్ల తర్వాత 2002లో ఆండ్రూని 165 మైళ్లు, కేటగిరీ 5 చేశారు. ఇళ్లు ఎప్పుడో కూలిపోయాయి, కేటగిరీ మాత్రం పదేళ్లకి పెరిగింది.

2018 అక్టోబర్ 10న మైకేల్ హరికేన్ కూడా అంతే, ఫ్లోరిడాలోని మెక్సికో బీచ్ దగ్గర తీరం దాటినప్పుడు 155 అన్నారు, మరుసటి ఏడు 160 చేసి కేటగిరీ 5లో వేశారు. అక్కడి టిండల్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో నేల మీద దొరికిన గస్టు 139. గస్టే 139 అయితే నిమిషం సగటు 160 ఎలా అని నీలాంటోడు అడుగుతాడని నాకు తెలుసు, పైన చెప్పిందే మళ్లీ చదువు. అయినా ఆ 5 మైళ్ల తేడా మామూలుగా ఉండే అనిశ్చితిలోనే ఉందని రిపోర్టులో వాళ్లే ఒప్పుకున్నారు. కేటగిరీ 5 మొదలయ్యే 157 గీతకి ఇటు అటు, అంతే. పేపర్లకి మాత్రం పండగ.

కత్రినాది అడ్డం తిరిగిన కథ. 2005 ఆగస్టులో గల్ఫ్ ఆఫ్ మెక్సికో మధ్యలో 175 మైళ్లు ఉంది, లూసియానాలో బ్యూరస్ దగ్గర తీరం దాటుతుంటే 140 అన్నారు, తర్వాత లెక్కలు చూసి 125కి దించారు, అంటే కేటగిరీ 3. కానీ తుఫాను మధ్యలో పీడనం 920 మిల్లీబార్లు, అది చాలా తక్కువ! అంత తక్కువ ఉంటే గాలి ఇంకా ఉండాలి కదా అనిపిస్తుంది. దాని ముందు ఏడు ఛార్లీ ఫ్లోరిడాలో 941 మిల్లీబార్లతోనే 150 మైళ్లు కొట్టింది. తేడా ఎక్కడంటే గాలికి కావలసింది గొయ్యి లోతు కాదు, గట్టు వాలు. ఛార్లీ చిన్న తుఫాను, తక్కువ దూరంలోనే పీడనం నిటారుగా పడిపోయింది, కత్రినా పెద్ద పళ్లెంలా పరుచుకుంది. ఆ పెద్ద పళ్లెమే మిసిసిపీ ఒడ్డున దాదాపు 28 అడుగుల ఉప్పెన తెచ్చింది. గల్ఫ్ మధ్యలో లేచిన నీళ్లు, తీరం దాటేలోపు గాలి తగ్గిందని వెనక్కి పోవు కదా.

అసలు ఈ కేటగిరీల్లో ఉప్పెన లేదన్న సంగతి నీకు తెలుసా? సాఫిర్ అనే ఇంజనీరూ సింప్సన్ అనే సెంటర్ డైరెక్టరూ కలిసి ఆ స్కేల్ తయారుచేసినప్పుడు ఉప్పెన, పీడనం కూడా ఉండేవి, 2010లో తీసేసి గాలి ఒక్కటే ఉంచారు. 2008లో ఐక్ కేటగిరీ 2యే, టెక్సాస్‌లో గాల్వెస్టన్ పక్కన బొలీవర్ ద్వీపకల్పాన్ని ఊడ్చేసింది. రెండు కదా అని ఉండిపోయినవాళ్లు ఉన్నారు, నీలాగే.

పోనీ గాలి ఒక్కదాన్నే చూసినా మన బుర్ర దాన్ని తప్పు కొలుస్తుంది. గాలి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, 70 మైళ్ల గాలి నీ తలుపు మీద ఎంత నెట్టిందో 140 దానికి నాలుగింతలు నెడుతుంది, రెండింతలు కాదు. 68 తట్టుకున్నాం కాబట్టి 140 ఇంకాస్త కష్టం అంతే అనుకోవడం ఆ లెక్కన ఎంత దూరమో చూడు. టీవీ వాళ్ల సంగతి ఇంక అడక్కు, 2018లో ఫ్లోరెన్స్ అప్పుడు ఓ రిపోర్టర్ గాలికి పడిపోతున్నట్టు వంగి వంగి మాట్లాడుతుంటే వెనకాల ఇద్దరు నింపాదిగా నడుచుకుంటూ పోయారు, నువ్వే నాకు పంపావ్ ఆ వీడియో. నిజంగా ఐవాల్ కింద ఉంటే రిపోర్టర్ నిలబడడు, కెమెరా అసలు నిలబడదు.

కాబట్టి ఈసారి అడ్వైజరీ వస్తే పైనున్న ఆ పెద్ద నంబర్ దగ్గర ఆగిపోకు, కింద హరికేన్ గాలి కేంద్రం నుంచి ఎన్ని మైళ్ల దాకా ఉందో రాస్తారు, అది చూడు, నువ్వు ట్రాక్‌కి కుడా ఎడమా చూడు. ఫ్లోరిడాలో ఖాళీ చెయ్యమనే జోన్లకి ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి, అవి ఉప్పెనని బట్టి ఇచ్చినవి, కేటగిరీతో సంబంధం లేదు. నీ ఇంటిది ఏ అక్షరమో నీకు తెలీదని పందెం. చూసి మెసేజ్ పెట్టు, పన్లో పని ఫెన్సు ఏ వైపుకి పడిందో ఫొటో కూడా పెట్టు, గాలి ఎటునుంచి కొట్టిందో చూస్తా.

ఉంటా రా,
నీ శీను