పులస రేటుతో పాటు ఎన్ని పడ్డాయో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారమండి,

జులై వచ్చి గోదారికి ఎర్రనీళ్ళు తగిలాయంటే చాలు మీ పేపర్లో యానాంలో పులస చేప వేలంపాట వార్త వచ్చేస్తుంది, పక్కన చేపని రెండు చేతులతో పట్టుకున్న ఫొటో, ఇన్ని వేలు పలికిందని హెడ్డింగు. నేను కువైట్లో ఉన్నన్నాళ్ళూ ఫోన్లో ఆ వార్త చూసుకుని మా రూంలో కోనసీమ వాళ్ళందరికీ చూపించేవాణ్ణి, అది చూస్తే ఇంటికెళ్ళినంత పని అయ్యేదండి. ఇప్పుడు ఉత్తరం రాసేది కూడా ఆ వార్త గురించే.

మాది రాజోలు దగ్గర ఊరు. బతుకుతెరువుకని వెళ్ళి చాలా ఏళ్ళు అక్కడే ఉండిపోయేను, మధ్యమధ్యలో వచ్చినా ఎండాకాలంలో పెళ్ళిళ్ళకి వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళిపోవడమే, వరద రోజుల్లో ఏటిగట్టు మీద నిలబడే అదృష్టం మళ్ళీ ఈమధ్యనే దొరికింది. వచ్చిన వెంటనే అంతర్వేది వెళ్ళేను. స్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు నడిచేను. గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే ఆ చోటు అంటే నాకు ప్రాణమండి, చిన్నప్పుడు మా మావయ్యలతో కలిసి ఎర్రలు తవ్వి కొబ్బరిచిప్పలో వేసుకుని గాలాలు పట్టుకుని పోయేవాళ్ళం, జెల్లలు బాగా పడేవి, రొయ్య ఎరకి ఒక్కోసారి పండుగప్ప తగిలేది, అది లాగుతుంటే వెదురు కర్ర విల్లులా వంగిపోయేది. పులస మాత్రం గాలానికి పడదు, అది నీళ్ళలో సన్నటి నాచూ నలుసూ తిని బతికే చేప కాబట్టి వలకి చిక్కాల్సిందే, అందుకని పులస కావాలంటే జాలరులుండే పల్లెపాలెం వెళ్ళి పడవలు ఒడ్డుకొచ్చేదాకా కూర్చునేవాళ్ళం.

ఈసారీ అలాగే వెళ్ళి కూర్చున్నా. పడవ వచ్చింది. నన్ను గుర్తుపట్టిన పెద్దాయన ఉన్నాడు, మా ఇంటికి చేపలు తెచ్చిచ్చేవాడు, బాబాయ్ అని పిలుస్తాను. వేట ఎలా ఉంది బాబాయ్ అంటే, రాత్రి వల దించి తెల్లారేదాకా నీళ్ళమీదే ఉన్నాం నాయనా, ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు, డీజిల్ డబ్బులు కూడా రాలేదు అన్నాడు. మరి పేపర్లో 20 వేలు దాటింది అని వస్తుంది కదా అన్నాను. వస్తుంది నాయనా, ఆ ఒక్కటి ఎవరి వలలో పడిందో వాడికి ఆ రోజు పండగ, మిగతా పడవలన్నీ ఖాళీగానే వస్తాయి, ఆ ఖాళీ పడవలకి ఫొటోలు ఎవరు తీస్తారు అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదండి. రేటు పెరిగిందంటే చేప తగ్గిందనే కదా, మనం మాత్రం ఏటా దాన్ని రికార్డు అని రాసుకుని సంబరపడుతున్నాం.

కుర్రాళ్ళు చదువుతారని కొంచెం వివరంగా రాస్తున్నా. సముద్రంలో ఉన్నప్పుడు ఇది విలస, వానలు పడి వరద నీళ్ళు మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటి ఉప్పునీళ్ళని తోసేసినప్పుడు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతుంది, అప్పుడు పులస. సముద్రంలో బాగా తిని కొవ్వు పట్టి వచ్చి తీపినీళ్ళలో ఎదురీదుతుంది కాబట్టే ఆ రుచి. మట్టి దాకలో చింతపండు పులుసు పోసి బెండకాయలు వేసి పైన ఆవకాయ తేట పోసి సన్నసెగ మీద ఉడికించి, వండిన రోజు ముట్టుకోకుండా మర్నాడు తినాలి. పుస్తెలమ్మైనా పులస తినాలని పెద్దోళ్ళు ఊరికే అనలేదు. అంటే మనం పట్టుకునేది సరిగ్గా గుడ్లు పెట్టడానికి పుట్టింటికి వస్తున్న చేపని. ఒక్కో తల్లి చేప లక్షల్లో గుడ్లు పెడుతుందండి, అవి బతికి పిల్లలై సముద్రంలోకి దిగితేనే రెండు మూడేళ్ళ తర్వాత మళ్ళీ మన గోదారికి పులస.

వేట విరామం ఉంది కదా అని మీరనొచ్చు. ఉంది, మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర పడవలు వెళ్ళకూడదు, అది చాలా మంచి పనే. ఆ రోజుల్లో ఇచ్చే సాయం కూడా 2025లో 20 వేలకి పెంచేరు, మా పల్లెపాలెంలో వాళ్ళకి అది నిజంగా ఆసరా. కాని పులస ఏటికెక్కేది ఆ విరామం అయిపోయాక. వరద వచ్చేసరికి సముద్రంలో మొగ దగ్గర ఒక వరస వలలు, మొగ దాటితే ఇంకో వరస, పైన ఇంకోటి, వాటిల్లో సన్నకన్ను వలలు కూడా ఉంటున్నాయి. అన్నీ తప్పించుకుని పైకి పోతే ధవళేశ్వరం. కాటన్ దొర 1852లో కట్టించిన ఆనకట్ట వల్లే మనం అన్నం తింటున్నాం, ఆయన్ని మా ఇళ్ళల్లో దేవుడిగా చూస్తాం, దానిమీద ఒక్క మాట అననండి. కాని ఇప్పుడక్కడున్న బ్యారేజీ గేట్లు దించి ఉంటే చేప అక్కడితో ఆగిపోవాల్సిందే అన్నది కూడా నిజం. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలయ్యాక, ఒకప్పుడు అలహాబాద్ దాకా వెళ్ళే ఇదే జాతి చేప పైన దాదాపు కనపడకుండా పోయింది. పైకి పోయే దారి ఎలాగూ తగ్గింది కాబట్టి ధవళేశ్వరానికి దిగువన ఉన్న కాస్త నీళ్ళలోనైనా దాన్ని ప్రశాంతంగా గుడ్లు పెట్టుకోనివ్వాలి అనేదే నా బాధ.

బంగ్లాదేశ్ వాళ్ళని చూడండి, ప్రపంచంలో ఈ చేప ఎక్కువ పట్టేది వాళ్ళే. వాళ్ళు ఏటా అక్టోబర్లో ఆశ్వయుజ పౌర్ణమికి అటూ ఇటూ 22 రోజులు ఆ చేప వేట మొత్తం ఆపేస్తున్నారు, పట్టడమే కాదు అమ్మినా కొన్నా తప్పే, ఆ రోజుల్లో జాలరుల కుటుంబాలకి బియ్యం ఇస్తారు. తర్వాత నవంబర్ నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్ల కన్నా చిన్న పిల్లల్ని పట్టకూడదని ఇంకో రూలు. మనకన్నా చిన్న దేశం, ఈ చేప మీద బతికేవాళ్ళు అక్కడ చాలా ఎక్కువ, వాళ్ళే చేయగలిగినప్పుడు మనకేం తక్కువండి?

నేను అడిగేది పెద్దదేం కాదు. వరద నీళ్ళు వచ్చేక కొన్ని రోజులు, అవి ఏ రోజులన్నది చేపల సైంటిస్టులూ పల్లెపాలెం పెద్దలూ కూర్చుని తేల్చాలి, ఆ రోజుల్లో మొగల దగ్గరా పాయల్లోనూ పులస వలలు వెయ్యకూడదు. ఆ రోజులకి వేట విరామం సాయం లాగే జాలరులకి డబ్బులు ముందే చేతిలో పడాలి, తర్వాత ఇస్తాం అంటే ఎవడూ పడవ కట్టెయ్యడు, కట్టెయ్యమని అడగడం కూడా అన్యాయం. ఇంకోటి, యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, ఏటికి ఇటు ఆంధ్రా అటు యానాం, ఒక గట్టు వాళ్ళు ఆపి రెండో గట్టు వాళ్ళు పడితే ఏం లాభం, కాబట్టి రెండు ప్రభుత్వాలూ ఒకే తేదీలు పెట్టాలి. ఏప్రిల్ విరామం రెండుచోట్లా ఒకే తేదీలకి జరుగుతోంది కదా, ఇదీ అలాగే జరపొచ్చు.

కొనేవాళ్ళకి కూడా ఒక మాట. ఐసు పెట్టెల్లో ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ వచ్చిన సముద్రపు విలసని గోదారి పులస అని రోడ్డు పక్కన అమ్ముతున్నారు, హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వచ్చిన వాళ్ళు తెలీక వేలు పోస్తున్నారు. అది నిజమైన పులస పట్టినవాడి కడుపు కూడా కొడుతోంది. ఏ రేవులో పడిందో, ఏ పడవ వాళ్ళదో చీటీ మీద రాసిస్తే చాలు.

పెద్దాయన కొడుకు పడవ ఎక్కట్లేదండి, గల్ఫ్ వెళ్ళడానికి పాస్‌పోర్టు చేయించుకుంటున్నాడు, ఏజెంటు వివరాలు నన్నే అడిగేడు. నేను అక్కడ ఏం పడ్డానో నాకు తెలుసు కాబట్టి వెళ్ళమని చెప్పడానికి నోరు రాలేదు, ఉండమని చెప్దామంటే ఏట్లో చేప లేదు.

కాబట్టి సంపాదకులు గారూ, ఈ ఏడు నుంచి పులస వార్త వేసినప్పుడు రేటు కింద ఇంకో రెండు లైన్లు వెయ్యండి. ఆ రోజు యానాం, నరసాపురం, అంతర్వేది రేవుల నుంచి ఎన్ని పడవలు వేటకెళ్ళాయి, మొత్తం ఎన్ని పులసలు పడ్డాయి, ఒక్కోటి ఎంత బరువుంది. మీ విలేకరులు రోజూ రేవుకి వెళ్తూనే ఉంటారు, అడిగితే జాలరులు దాచకుండా చెప్తారు. రెండు మూడు సీజన్లు అలా వరసగా అచ్చువేస్తే ఆ కాగితాలు పట్టుకుని మేం మత్స్యశాఖ వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడగలం. అంతర్వేది రేవులో లెక్క రాసి పంపడానికి మనిషి కావాలంటే నేను ఇంటి దగ్గరే ఉన్నాను, రోజూ పొద్దున్నే వెళ్ళి రాసి పంపిస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు,
రాజోలు, కోనసీమ జిల్లా