బుజ్జిగాడి పరీక్షల గురించి

చిట్టితల్లికి,
అమ్మ ఆశీస్సులు.

బుజ్జిగాడికి టీబీ కోసం చేతికి సూది వేసి చూసే మాంటూ పరీక్ష చేయించి, నిన్న ఫోన్‌లో "మాంటూ నెగెటివ్ వచ్చిందమ్మా, హమ్మయ్య" అన్నావు. ఆ హమ్మయ్య అప్పుడే వద్దు. ఫోన్‌లో చెబుదామంటే పక్కన మీ మామగారు ఉంటారు, ఆయన నొచ్చుకుంటారు. అందుకే రాస్తున్నాను.

అన్నయ్యగారికి, అదే మీ మామగారికి, టీబీ అని తేలింది. బుజ్జిగాడు పొద్దస్తమానం ఆయన ఒళ్లోనే ఉంటాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం మొదలై రెండు వారాలు దాటింది, బరువు పెరగడం లేదు, బంతి చేతికిచ్చినా లేవట్లేదని నువ్వే చెప్పావు. పిల్లల వార్డులో పనిచేసిన దాన్ని, ఇన్ని గుర్తులుండగా ఆ ఒక్క నెగెటివ్ కాగితాన్ని నేను నమ్మను.

మాంటూ అనేది ఒంట్లోకి క్రిమి చేరిందా లేదా అనేదానికి ఆనవాలు మాత్రమే, జబ్బు ఉందో లేదో చెప్పదు. పిల్లవాడు నీరసించి ఉంటే, ఈమధ్యే తట్టు పోసి ఉంటే, క్రిమి ఉన్నా చెయ్యి వాచకపోవచ్చు. చూసేవాళ్లు కూడా ఎరుపును కాదు, గట్టిపడిన వాపును వేలితో తడిమి స్కేలుతో కొలవాలి. అదీ 48 నుంచి 72 గంటల మధ్య. మీవాడికి ఎలా చూశారో అడిగావా?

పసివాళ్ల టీబీలో క్రిములు చాలా తక్కువ. పైగా వాళ్లకు ఉమ్మడం రాదు, వచ్చిన తెమడ మింగేస్తారు. అందుకని మేం తెల్లవారుజామున, పాలు పట్టకముందే, ముక్కులోంచి సన్నటి గొట్టం కడుపులోకి దించి నీరు లాగేవాళ్లం. తల్లి చేతులు పట్టుకునేది, బిడ్డ గుక్కపట్టి ఏడ్చేవాడు, తీరా సిరంజిలోకి కాస్తంత జిగురు వచ్చేది. చాలాసార్లు అందులోనూ క్రిమి దొరికేది కాదు. ఇప్పుడు మలంలోనే క్రిమి జన్యువులను పట్టే పరీక్షతో వెతుకుతున్నారు, దాని గురించి డాక్టరుగారిని అడుగు. ఛాతీ ఎక్స్‌రే ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీయమను. ఊపిరితిత్తుల మొదట్లో వాచిన గ్రంథులు ఒక్కోసారి పక్క ఫిల్ములోనే బయటపడతాయి.

బీసీజీ టీకా వేయించాం కదా అంటావేమో. అది మెదడుకు పాకే టీబీ, ఒళ్లంతా పాకే టీబీ రాకుండా బాగా కాస్తుంది. ఊపిరితిత్తుల టీబీ రాదని మాత్రం భరోసా లేదు.

అన్నీ నెగెటివ్ వచ్చినా లక్షణాలు, ఎక్స్‌రే, ఇంట్లో రోగి ఉన్నారన్న సంగతి కలిపి చూసి మందులు మొదలుపెడదామనొచ్చు డాక్టరు. కంగారుపడి వేరే డాక్టరును వెతుక్కోకు. అలా అన్నీ కలిపి చూసి మొదలుపెట్టవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. జబ్బు ముదరకపోతే పిల్లలకు నాలుగు నెలల కోర్సు సరిపోతుందని కూడా చెప్పింది. నీళ్లలో కరిగే మాత్రలున్నాయి, మింగించే గొడవ లేదు. జబ్బు లేదని గట్టిగా తేలిందనుకో, అప్పుడూ ఉత్త చేతులతో రాకు. ఐదేళ్ల లోపు వాడు కదా, రాకుండా ఆపే మందు రాయించుకో.

అన్నయ్యగారి వల్లే అని ఇంట్లో ఎవరూ ఒక్క మాట తూలకండి. మందులు పడుతున్న కొద్దీ ఆయన నుంచి అంటడం తగ్గిపోతుంది. ఆయన రిపోర్టు మాత్రం వెంట పట్టుకెళ్లు. ఆయన క్రిమికి ఏ మందు లొంగుతుందో చూసే బుజ్జిగాడికి మందు రాస్తారు. టీకాల కార్డులో వాడి బరువులుంటాయి, అదీ మర్చిపోకు.

ఈలోగా వాడు మగతగా పడుకున్నా, ఊరికే వాంతులవుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ పూటే తీసుకెళ్లు.

అమ్మ