వార్షిక నివేదిక 2024–25: గుండె జబ్బు సభ్యులకు ఇంటి దగ్గరే ఫోన్ సాయం

గౌరవ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

స్టెంటో బైపాసో అయి ఇంటికొచ్చాకే అసలు పని మొదలవుతుందని మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. కోరుకొండ, సీతానగరం వైపు సభ్యులు వ్యాయామం కోసం మాటిమాటికీ రాజమండ్రి రాలేరు కాబట్టి ఈ ఏడాది ఫోన్ యాప్ మీదే దృష్టి పెట్టాం. 2014లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి మాకు ధైర్యం ఇచ్చింది. అందులో గుండె కోలుకునేందుకు చేసే వ్యాయామ, సలహాల కార్యక్రమాన్ని స్మార్ట్‌ఫోన్ సాయంతో ఇంటి దగ్గర చేసినవారిలో 80 శాతం మంది పూర్తిచేస్తే, కేంద్రానికి వెళ్లి చేసే మామూలు పద్ధతిలో 47 శాతమే పూర్తిచేశారు.

సెప్టెంబరు 29, ప్రపంచ హృదయ దినోత్సవం, ఆదివారం కలిసొచ్చింది. గోదావరి గట్టు మీద నడక, ఆ తర్వాత షామియానా కింద ఫోన్ శిక్షణ. కాలేజీ పిల్లలు ఒక్కొక్కరి పక్కన కూర్చుని అక్షరాలు పెద్దవి చేసి, మాత్రలకు అలారం పెట్టి, బీపీ, పల్స్, బరువు ఎక్కించడం ఓపిగ్గా నేర్పారు. పల్స్ పెరగలేదు, ఇంకా వేగంగా నడవమని యాప్ చెబుతోందని ఒక పెద్దాయన టెన్షన్ పడ్డారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వేసుకునేవారికి పల్స్ అంతగా పెరగదని, నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం చాలని ఫిజియోథెరపిస్టు గారు అక్కడికక్కడే వివరించారు. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు అది.

అయితే ఫోన్‌లో ఎక్కిన అంకెల్ని ఎవరో ఒకరు చూడాలి. గుండె బలహీనంగా ఉన్న ఒక అక్కగారి బరువు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగింది. ఆ సాయంత్రం ఈ అంకెలు చూసే డ్యూటీలో ఉన్న వాలంటీరు తమ్ముడు అది గమనించి వెంటనే ఫోన్ చేసి, "కాళ్లు వాచాయా అక్కా?" అని అడిగి, డాక్టరు గారితో మాట్లాడించాడు. నీరు తగ్గే మాత్ర మోతాదు మార్చారు, ఆస్పత్రిలో చేరే అవసరం రాలేదు. ఇంత విలువైన పనికి పేర్లిచ్చినవాళ్లలో చాలామంది సంక్రాంతి తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. బాధగానే రాస్తున్నాను. బీపీ చూసేందుకు ఒక గది ఇవ్వమని పెట్టుకున్న అర్జీకీ "ఫైలు పైకి వెళ్లింది" అన్న జవాబే వస్తోంది.

జమాఖర్చులు సక్రమంగా ఉన్నాయి. పత్రం కోశాధికారి గారు సభలో పంచుతారు.

ఉచితంగా సలహాలిచ్చిన డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టు గారికి, కాలేజీ పిల్లలకు, షామియానా, మజ్జిగ ఏర్పాటు చేసిన దాతలకు, పాత ఫోన్లు ఇచ్చిన కుటుంబాలకు పేరుపేరునా కృతజ్ఞతలు. సాయంత్రం డ్యూటీకి అరగంట ఇవ్వగలిగినవారు సభ ముగిసేలోగా జాబితాలో పేరు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి