నెమరుతో బయటకు వస్తున్న ఖనిజ బోలస్‌లపై ఫిర్యాదు

దేవరకొండ మండలం,
నల్లగొండ జిల్లా.

నాణ్యతా విభాగం అధికారి గారికి,

విషయం: పాడి పశువులకు వేసే, పొట్టలో నెమ్మదిగా కరిగే ఖనిజ బోలస్‌లలో (పశువు చేత మింగించే పెద్ద మాత్రలలో) లోపం గురించి.

అయ్యా,

ఎండాకాలమంతా వరిగడ్డి మీదే గడిపే మా బర్రెలకు రాగి, కోబాల్ట్, సెలీనియం లోటు రాదని, ఒక్కసారి వేస్తే నాలుగు నెలలు పనిచేస్తుందని మీ ప్రతినిధి చెప్పిన మాట మీద మా గ్రామ పాల ఉత్పత్తిదారుల సంఘం సభ్యులం మీ బోలస్‌లు కొన్నాం. వారం తిరగకముందే అవి గాడిలో, గడ్డి పరకల మధ్య, నెమరు జిగురు అంటుకొని దొరికాయి.

వేయడం రాక ఇలా జరిగిందని మీ ప్రతినిధి తేల్చేశారు. వేసింది పశువైద్య సిబ్బంది. బోలస్ గన్‌తో నాలుక మొదలు దాటించి, మింగిన తర్వాతే పశువును వదిలారు. లోపం మీ సరుకులోనే ఉంది. ఇటువంటి బోలస్ పశువు రెండో పొట్ట అడుగున నిలిచి, పైపొర నుంచి కొద్దికొద్దిగా కరగాలి కనుక, దాన్ని నీటికన్నా రెండున్నర నుంచి మూడు రెట్లు సాంద్రత ఉండేలా తయారుచేస్తారు. తేలికైతే నెమరుతో పాటు నోటికి వచ్చేస్తుంది. దొరికిన వాటిలో ఒకదాన్ని కడిగి, తూచి, పాల కేంద్రంలోని గీతల గాజు జాడీలో వేసి చూశాం. 60 గ్రాముల బోలస్‌కు నీరు 40 మిల్లీలీటర్లు పైకి లేచింది. అంటే ఒకటిన్నర రెట్లే.

కొన్ని డబ్బాలోనే పగిలి ఉన్నాయి. పగిలినదానికి కరిగే ముఖాలు పెరిగి మందు అనుకున్నదానికన్నా త్వరగా విడుదలవుతుంది. సెలీనియం విషయంలో అది ఎంత ప్రమాదమో మందులు తయారుచేసే మీకు మేము చెప్పాలా?

నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద తప్పు మరొకటుంది. డబ్బా మీద ‘నెమరు వేసే పశువులకు’ అని మాత్రమే, అదీ ఇంగ్లిషులో ఉంది. మా దగ్గర బర్రెలున్న ఇళ్లలో చాలామందికి గొర్లు కూడా ఉన్నాయి. గొర్రె ఒంట్లో ఎక్కువైన రాగి కాలేయంలో పేరుకుపోయి, ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి, కామెర్లతో, ఎర్రటి మూత్రంతో ప్రాణం తీస్తుంది. బర్రెల బోలస్ గొర్లకు వేయరాదని తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయవలసిన బాధ్యత మీదే.

కాబట్టి ఈ బ్యాచ్ అమ్మకం వెంటనే నిలిపి, మా డబ్బు తిరిగి ఇచ్చి, దీని సాంద్రత, కరిగే వేగాల పరీక్షా పత్రాలు పంపగలరు. బిల్లుల నకళ్లు జతచేశాను. దొరికిన బోలస్‌లు సంఘం కార్యాలయంలో భద్రపరిచాం. మీ నిపుణులు ఎప్పుడు వచ్చినా చూపిస్తాం.

ఇట్లు,
కార్యదర్శి,
గ్రామ పాల ఉత్పత్తిదారుల సంఘం.