గుండె జబ్బువాళ్లను మంచానికి కట్టేయకండి

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆదివారం ఆరోగ్య పేజీలో గుండె పంపింగ్ తగ్గినవాళ్లకు కొన్ని సలహాలు వేశారు. అందులో మూడోది చదివి ఆ రోజే ఉత్తరం రాయబోయాను. కోపంలో రాస్తే చెప్పాల్సింది సరిగా చెప్పలేనని ఆగాను. "పూర్తి విశ్రాంతి తీసుకోవాలి, శ్రమ పడకూడదు" అని ఉంది. ఎవరు, ఏ దశలో, ఎన్నాళ్లు అన్నది ఒక్క ముక్క లేదు. మర్నాడు పొద్దున్నే పక్కింటి పెద్దాయన ఆ కాగితం పట్టుకొచ్చి, "చూశారా టీచరుగారూ, పేపర్లో కూడా రాశారు. మాస్టారిని రోజూ అలా నడిపించకండి" అన్నారు. ఆయనది మంచి మనసే. అచ్చులో కనిపించిన మాటను నమ్మారు, అంతే.

మావారికి మూడేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశాక పంపింగ్, అంటే గుండె గదిలోని రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి వెళ్లే వాటా, 30 శాతం ఉందన్నారు. డిశ్చార్జి కాగితం మీద ఏడు రకాల మందులు రాసి, ఉప్పు తగ్గించమన్నారు, నీళ్లు కొలిచి తాగమన్నారు, చివర్న "రెస్ట్" అని రాశారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎనిమిది నెలలు ఆయన్ని మంచం దిగనివ్వలేదు. భోజనం అక్కడికే, కాఫీ అక్కడికే. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ "కదలనివ్వకమ్మా" అని చెప్పి వెళ్లేవాళ్లు. ఆవకాయ మానడం సరే, భయంతో పప్పు, గుడ్డు కూడా తగ్గించేశాం. ఎనిమిది నెలలకు తొడలు సన్నబడిపోయి, చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవలేని స్థితికి వచ్చారు. పెరట్లోకి నాలుగడుగులు వేస్తే ఆయాసం. మళ్లీ ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే పంపింగ్ 35 శాతం వచ్చింది. గుండె కాస్త కోలుకుంటే మనిషి ఇలా ఎందుకైపోయారని అడిగాను. బయట ఇంకా అరవై మంది కూర్చుని ఉన్నారు, డాక్టరుగారికి చెప్పే తీరిక లేకపోయింది.

సంక్రాంతికి వచ్చిన మా చెల్లెలి కూతురు చెప్పింది. విశాఖలో ఫిజియోథెరపిస్టుగా చేస్తుంది. ఆయన తొడ పట్టి చూసి, "పెద్దమ్మా, పెదనాన్నకి ఆయాసం తెప్పిస్తున్నది గుండె ఒక్కటే కాదు, ఈ కాళ్లు కూడా" అంది.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. మైటోకాండ్రియా కణ శక్త్యాగారాలని కొన్ని వేలమంది పిల్లల చేత వల్లె వేయించాను. మా ఇంట్లో మనిషి కండరాల్లో అవే తరిగిపోతుంటే నాకు తట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

గుండె జబ్బు గుండెలోనే ఆగదు. పంపింగ్ చాలాకాలం తగ్గి ఉంటే కాళ్ల కండరాలు కూడా మారిపోతాయి. ఎక్కువసేపు అలసిపోకుండా పనిచేసే నెమ్మది పోగులు తగ్గి, త్వరగా అలసిపోయే పోగుల వాటా పెరుగుతుంది. మైటోకాండ్రియా తగ్గుతాయి, కండరానికి రక్తం అందించే సన్నటి నాళాలూ తగ్గుతాయి. అలాంటి కండరం కొద్ది పనికే అలసిపోయి మెదడుకు సంకేతాలు పంపిస్తుంది, మెదడు ఊపిరి వేగం పెంచుతుంది. మనం దాన్ని ఆయాసం అంటాం, గుండె మీద తోసేస్తాం. ఊపిరి పీల్చే కండరాలకూ ఇదే బలహీనత వస్తుంది. పంపింగ్ శాతం ఒకటే ఉన్న ఇద్దరిలో ఒకరు మేడ మెట్లెక్కుతారు, ఇంకొకరు గుమ్మం దాటలేరు. కొత్త గుండె అమర్చినవాళ్లకు కూడా నడిచే శక్తి వెంటనే తిరిగి రాదు. ఇవన్నీ నిన్నామొన్నటి మాటలు కావు. ఆండ్రూ కోట్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ కండరాల సిద్ధాంతాన్ని 1994లోనే రాశారు.

దీని మీద మంచం విశ్రాంతి కూడా తోడైతే ఏమవుతుంది? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను అమెరికాలో పది రోజులు మంచంలో ఉంచి చూస్తే కాళ్లలో కిలోకి దగ్గరగా కండ కరిగిపోయిందని 2007లో తేలింది. పది రోజులకే అంత. మావారు ఎనిమిది నెలలు పడుకున్నారు.

వ్యాయామం చేయిస్తే ప్రాణం మీదికొస్తుందన్న భయం ఉంది కదా, దాన్ని కూడా పరీక్షించారు. అమెరికా, కెనడా, ఫ్రాన్స్‌లలో పంపింగ్ 35 శాతం, అంతకంటే తక్కువ ఉన్న 2,331 మంది మీద జరిపిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. మరణాలు బాగా తగ్గిపోయాయని అందులో తేలలేదు, ఆ మాట దాచను. కానీ వ్యాయామం సురక్షితమని, దానితో నడక, రోజువారీ జీవితం మెరుగవుతాయని తేలింది. హార్ట్ ఫెయిల్యూర్‌తో, అంటే గుండె ఒంటికి చాలినంత రక్తం పంపలేని జబ్బుతో, ఆస్పత్రిలో చేరిన అరవై, ఆపై వయసువాళ్లకు బలం, నిలకడ, నడక పెంచే వ్యాయామాలు చేయిస్తే మూడు నెలల్లో మెరుగ్గా కదలగలిగారని 2021లో ఇంకో అధ్యయనం చెప్పింది. 2022 అమెరికా హృద్రోగ మార్గదర్శకాలు, శక్తి ఉన్న ప్రతి హార్ట్ ఫెయిల్యూర్ రోగికీ వ్యాయామం చేయించాలని గట్టిగా సిఫారసు చేశాయి. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా 2014 నుంచే, స్థిమితంగా ఉన్న ఇలాంటి రోగులకు పర్యవేక్షణలో వ్యాయామానికి డబ్బు కడుతోంది.

మరి మన దగ్గర? స్టెంట్ వేయించుకోవడానికి దారి ఉంది, ఆపరేషన్‌కి దారి ఉంది. ఆ తర్వాత మనిషిని మళ్లీ నడిపించడం ఎవరి పని? మేం వెళ్లిన ఆస్పత్రిలో ఫిజియోథెరపీ గది తలుపు తీస్తే విరిగిన మంచాలు, పాత ఫైళ్లు కనిపించాయి. ఒక్క ఫిజియోథెరపిస్టు ఉంటే ఆమెను ఎముకలు విరిగినవాళ్ల వార్డుకే పరిమితం చేశారు. గుండె రోగులను అటు పంపాలన్న ఆలోచనే అక్కడ ఎవరికీ లేదు.

సరే, మేమే నడుద్దామనుకున్నాం. మా పట్టణంలో ఉన్న ఒకే ఒక్క పార్కుకు పొద్దున ఎనిమిదింటికి తాళం వేస్తారు. శీతాకాలం మంచులో ఐదింటికి గుండె రోగిని ఎలా తీసుకెళ్లాలి? నడక దారిలో రెండే బెంచీలు ఉండేవి. రంగులు వేయడానికని ఒకటి పట్టుకెళ్లారు, ఏడాదైంది, తిరిగి రాలేదు. వంద అడుగులకోసారి కూర్చోవాల్సిన మనిషికి బెంచీ మందుతో సమానం. ఫుట్‌పాత్ మీద నడుద్దామంటే దుకాణాల సామాను, బైకులు. ప్రపంచ హృదయ దినోత్సవానికి మాత్రం సెప్టెంబరు 29న జెండా ఊపి నడక ప్రారంభిస్తారు, ఫొటోలు మీ పత్రికలోనే వస్తాయి. మర్నాడు ఆ పార్కు గేటుకు మళ్లీ అదే తాళం. మేం పనిచేసే రోజుల్లో బడిలో డ్రిల్ పీరియడ్ అంటే డ్రిల్ పీరియడే. ఇప్పుడు దాన్ని లెక్కలకో సైన్సుకో ఇచ్చేస్తున్నారు. కదలడం చదువులో భాగమని పిల్లలకే నేర్పనప్పుడు, పెద్దయ్యాక గుండె జబ్బు వస్తే కదలాలంటే ఎవరు నమ్ముతారు?

నేను రాసింది చదివి ఎవరూ రేపే పరుగు మొదలుపెట్టకండి. కూర్చున్నా ఆయాసం వచ్చేవాళ్లు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు, స్పృహ తప్పినవాళ్లు, కాళ్ల వాపు పెరుగుతున్నవాళ్లు, మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగినవాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మా చెల్లెలి కూతురు కూడా డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడాకే మొదలుపెట్టించింది. మొదటి వారం కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడక, అంతే. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగితే ఆగాలి. నాలుగు నెలలకు ఆయన రామాలయం దాకా నడిచి, అరుగు మీద కాసేపు కూర్చుని, నడిచే ఇంటికొచ్చారు. ఆ రోజు నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను.

జిల్లా ఆస్పత్రులన్నిటిలో వారానికి రెండు రోజులు గుండె రోగులకు వ్యాయామం నేర్పే క్లినిక్ పెట్టాలి. డిశ్చార్జి కాగితం మీద "రెస్ట్" అని రాసే చోట, ఎన్ని రోజులు, ఆ తర్వాత ఎంత నడవాలి అన్నది తెలుగులో రాయాలి. పార్కు తాళం పదింటి దాకా తీసి ఉంచాలి, ఆ బెంచీ తిరిగి తేవాలి. మీరు చేయాల్సింది ఒకటే. ఆ మూడో సలహాకు సవరణ వేయండి. లోపలి పేజీలో ఎక్కడో మూల కాదు, అదే ఆదివారం పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. దాన్ని కత్తిరించి పక్కింటి పెద్దాయనకు ఇవ్వాలి. వాళ్లావిడకు కూడా పంపింగ్ తక్కువే, ఆవిడ ఇంకా మంచంలోనే ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా