స్ట్రాలో వీర్యం సంగతి కూడా చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది ఒంగోలు దగ్గర పల్లె. మా గేదెకు మూడుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి నిలవలేదు, మూడుసార్లూ లోపం గేదెదే అన్నారు. కావచ్చు, కానీ సూదికి వాడే స్ట్రాలో, అంటే వీర్యం నింపిన సన్నటి గొట్టంలో, ఉన్న వీర్యం సంగతి ఎవరూ మాట్లాడరేం? మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి మళ్లీ కరిగించేసరికి చాలా కణాలు చచ్చిపోతాయి, మిగిలినవాటి పైపొరలోని కొవ్వు ఆక్సీకరణతో దెబ్బతింటుంది, ఆంబోతు వీర్యం కన్నా దున్నపోతు వీర్యానికి ఈ బెడద ఎక్కువ. అందుకే గడ్డకట్టించే ముందు వీర్యంలో కలిపే గుడ్డుసొన, గ్లిజరాల్ ద్రావణంలోనే, ఆక్సీకరణను అడ్డుకునే గ్రీన్ టీ, మునగాకు సారాలను కొద్దిగా కలిపి పరిశోధకులు పరీక్షిస్తున్నారు. కొలత దాటితే అవే చేటు చేస్తాయి, ఇంట్లో కషాయం కాచి పోసే పని కాదిది.

మునగ మన దొడ్లలోనే ఉంది. చదలవాడ పశుక్షేత్రం ఉన్న జిల్లాలో, ఒంగోలు జాతి పుట్టిన గడ్డ మీద ఈ ప్రయోగాలు ఎందుకు చేయకూడదో అధికారులు చెప్పాలి. ఈలోగా స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి కరిగించడానికి ఒక థర్మామీటరు, ఫ్లాస్కు అయినా సూది వేసేవాళ్లందరికీ ఇప్పించండి. మా ఇంటికొచ్చినాయన స్ట్రాను చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు!

- ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా